గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న అంబులెన్సులో ఇంటర్నెట్‌ను ఎలా పరీక్షించాలి?

ములుగు రోడ్డు వర్క్‌షాప్, హన్మకొండ

అందరికీ నమస్కారం. హన్మకొండలో ములుగు రోడ్డు మీద మాకు ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. ఆసుపత్రుల వారు కొనుక్కొచ్చిన వ్యాన్లలో స్ట్రెచర్ పట్టాలు, ఆక్సిజన్ సిలిండర్ల బిగింపులు, ఇన్వర్టర్, లైట్లు, సైరన్ అమర్చి అంబులెన్సులుగా తయారు చేసి ఇస్తాము. రెండు నెలల కిందట ఒక ఆసుపత్రి వారు మేము ఇంతవరకు చేయని పని అప్పగించారు. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు నుంచి గుండెనొప్పితో బయలుదేరిన రోగి ఈసీజీ, బండి దారిలో ఉండగానే వరంగల్‌లోని డాక్టరు ముందుకు చేరాలని, వీలైతే వీడియో కూడా కనిపించాలని, అందుకు కావలసిన రౌటరును, యాంటెనాలను మేమే బిగించి, దారి పొడవునా పనిచేస్తుందని పరీక్షించి కాగితం మీద చూపాలని వారు కోరారు.

నేను ఐటీఐ పూర్తి చేసి ఆరేళ్లయింది. వైరింగ్ పని బాగా తెలుసు గాని నెట్‌వర్క్ పరీక్షలు తెలియవు. నాకు తోచిన పద్ధతిలో ఒక ఆదివారం 163వ నంబరు జాతీయ రహదారి మీద ఏటూరునాగారం వరకు వెళ్లి వచ్చాను. ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి దగ్గర ఆగి, ఫోనులో స్పీడ్ టెస్ట్ నొక్కి, వచ్చిన అంకెలు రాసుకున్నాను. ములుగులో 31 ఎంబీపీఎస్, మల్లంపల్లిలో 14, పస్రాలో 9 వచ్చాయి. ఎక్కడా 5కు తగ్గలేదు కాబట్టి సరిపోతుందని రాసి ఇచ్చాను.

మరుసటి వారం నర్సును, ఈసీజీ యంత్రాన్ని బండిలో పెట్టుకుని, నిజమైన ప్రయాణంలాగే ఏటూరునాగారం నుంచి బయలుదేరాము. మా వర్క్‌షాపు కుర్రాడు రోగిగా పడుకున్నాడు. తాడ్వాయి దాటి అడవిలోకి వచ్చాక నర్సు ఈసీజీ తీసి, పంపే బటన్ నొక్కారు. తెర మీద ‘పంపుతున్నాము’ అన్న మాట, దాని కింద ఆకుపచ్చ గీత కనిపించాయి. గీత మూడు వంతులు నిండి అక్కడే ఆగిపోయింది. నాలుగు నిమిషాలకు పైగా కదలలేదు. పస్రా దగ్గరికి వచ్చాక ‘మళ్లీ ప్రయత్నించండి’ అని చూపించి, గీత మొదటికి వెళ్లిపోయింది. అంతకంటే బాధ కలిగించిన విషయం, 14 ఎంబీపీఎస్ వచ్చిందని నేను రాసుకున్న మల్లంపల్లి దగ్గర కూడా వీడియో పది సెకన్ల పాటు నిలిచిపోయింది. పడుకున్నది మా కుర్రాడు కాబట్టి సరిపోయింది. నిజంగా రోగే అయి ఉంటే, నేను రాసిచ్చిన కాగితాన్ని నమ్మి డాక్టరు అక్కడ ఎదురుచూస్తూ కూర్చునేవారు.

బండి వేగం వల్లనే సిగ్నల్ దెబ్బతింటుందా? స్పీడ్ టెస్ట్ కాకపోతే దేనిని కొలవాలి, ఎన్నిసార్లు కొలవాలి? యాంటెనాను పైకప్పు మీద పెడితే ఎంత తేడా వస్తుంది? ఖరీదైన పరికరాలు కొనకుండా చేయగలిగిన పద్ధతి ఉంటే దయచేసి చెప్పండి.


పాత డ్రైవ్ టెస్ట్ ఇంజనీరు, కరీంనగర్

తమ్ముడూ, ఇచ్చిన కాగితాన్ని పట్టుకుని వాదించకుండా మళ్లీ కొలవాలని అనుకున్నందుకు ముందుగా నిన్ను మెచ్చుకోవాలి. టూజీ కాలం నుంచి పాత ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో డ్రైవ్ టెస్ట్ (దారి వెంట తిరుగుతూ సిగ్నల్ కొలిచే పని) బండి వెనక సీటులో లాప్‌టాప్ ఒడిలో పెట్టుకుని చాలా ఏళ్లు తిరిగినవాణ్ని కాబట్టి, నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

నీ పరీక్షలో మొదటి లోపం ఊళ్ల దగ్గర ఆగి కొలవడం. టవర్లను ఎక్కువగా ఊళ్లను చూసుకునే వేస్తారు. రోగి ప్రయాణం మాత్రం చాలావరకు ఊరికీ ఊరికీ నడుమ సాగుతుంది. పోనీ బండి నడుస్తుండగా కొలిచినా స్పీడ్ టెస్ట్ నీకు పెద్దగా ఉపయోగపడదు. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. 15 సెకన్ల పాటు నడిచే పరీక్ష పూర్తయ్యేసరికి బండి 375 మీటర్లు దాటుతుంది. ఆ దూరంలో రెండు సెకన్ల పాటు నెట్ పూర్తిగా పోయినా, మిగిలిన పదమూడు సెకన్ల వేగంలో అది కలిసిపోయి, చివరికి నీకు అందంగా ఒక సగటు అంకె కనిపిస్తుంది. నీ వీడియోను ఆపింది ఆ రెండు సెకన్లే.

మరొక విషయం చాలామంది పట్టించుకోరు. అందరూ చూసుకునేది డౌన్‌లోడ్ వేగం. నీ ఈసీజీ పోవలసింది పైకి. టవరు పదుల వాట్ల శక్తితో ప్రసారం చేస్తే, మన ఫోను గాని రౌటరు గాని గరిష్ఠంగా వాటులో ఐదో వంతు, అంటే 200 మిల్లీవాట్ల శక్తితో మాత్రమే బదులు పలకగలవు. అందుకే టవరుకు దూరమయ్యే కొద్దీ ముందుగా తెగేది అప్‌లోడు. ఫోనులో రెండు గీతల సిగ్నల్ కనిపిస్తూ, వాట్సాప్ సందేశాలు వస్తూ ఉండగానే నువ్వు పంపిన ఫోటో మాత్రం గడియారం గుర్తు దగ్గర ఆగిపోవడం నువ్వు చూసే ఉంటావు.

ఇక వేగం సంగతి. మన రహదారుల మీద టవర్లు సుమారు రెండు నుంచి నాలుగు కిలోమీటర్ల ఎడంతో ఉంటాయి. మూడు కిలోమీటర్లనుకుంటే, నీ బండి రెండు నిమిషాలకొకసారి టవరు మారాలి. దీన్నే మేము హ్యాండోవర్ అంటాము. ఫోర్‌జీలో పాత టవరుతో సంబంధం తెంచుకున్నాకే కొత్త టవరుతో కలుస్తుంది; అన్నీ సవ్యంగా ఉంటే ఈ మార్పిడికి 50 మిల్లీసెకన్ల ప్రాంతంలో పడుతుంది, ఎవరికీ తెలియదు. అయితే అది సవ్యంగా జరగాలంటే, పక్క టవరు సిగ్నల్ పాత దానికంటే ఒక నిర్ణీత మోతాదులో ఎక్కువై, ఆ ఎక్కువ కొంతసేపు నిలబడి, ఆ కబురు పాత టవరుకు చేరి, ‘మారిపో’ అన్న ఆదేశం అప్పటికే బలహీనపడుతున్న ఆ పాత సిగ్నల్ మీదుగానే తిరిగి ఫోనుకు అందాలి. నెమ్మదిగా వెళ్లే బండికి ఇందుకు కావలసినంత వ్యవధి ఉంటుంది. వేగంగా వెళ్లే బండి ఒక గుట్ట పక్కనుంచి మలుపు తిరిగిందంటే, పాత సిగ్నల్ ఒక్క సెకనులో, అంటే 25 మీటర్లలో కూలిపోతుంది. ఆదేశం అందదు. సంబంధం తెగిందని తేల్చుకోవడానికి ఫోను సాధారణంగా సెకను దాకా వేచి చూసి, ఆ తర్వాత మళ్లీ వెతుక్కుని కలుస్తుంది. అలా మూడు నాలుగు సెకన్లు గడిచిపోతాయి.

కాబట్టి నెట్ ఆగిన ప్రతి చోటా, అది ఏ రకమైన ఆగడమో విడదీయడం నీ మొదటి పని. అసలు టవరే అందని చోట ఆర్ఎస్ఆర్‌పీ అనే సిగ్నల్ బలం మైనస్ 120 డీబీఎం ప్రాంతానికి పడిపోతుంది (మైనస్ పక్క అంకె పెద్దదయ్యే కొద్దీ సిగ్నల్ బలహీనం), ఏ రోజు వెళ్లినా అక్కడే పడిపోతుంది. టవరు మారడంలో తప్పు జరిగిన చోట, ఆగడానికి ముందు మైనస్ 95 దాకా బాగానే ఉండి, ఉన్నట్టుండి కూలిపోయి, తిరిగి వచ్చేసరికి సెల్ నంబరు, అంటే టవరు గుర్తింపు సంఖ్య, మారి ఉంటుంది. మూడోది రద్దీ: సిగ్నల్ మైనస్ 85తో నిండుగా ఉన్నా నెట్ నత్తనడక నడుస్తుంది, అదే చోట తెల్లవారుజామున వెళ్తే బాగుంటుంది. బయటికి మూడూ ఒకేలా కనిపించినా మూడింటికీ మందు వేరు.

ఒక అనుభవం చెబుతాను. ఒక పెద్ద చెరువు కట్ట మీద, ఊరి టవరు కిలోమీటరు దూరంలో కళ్లెదుట కనిపిస్తున్నా, మా ఫోన్లు మాత్రం అవతలి ఒడ్డుకు ఎంతో దూరాన ఉన్న టవరును పట్టుకుని వదిలేవి కావు. నీటి మీద అడ్డు ఉండదు కాబట్టి ఆ సిగ్నల్ జారుకుంటూ అంత దూరం వచ్చేది. ఫోనును ఏ టవర్లకు మార్చవచ్చో ప్రతి టవరుకూ ఒక పక్క టవర్ల జాబితా ఉంటుంది; ఆ దూరపు టవరు జాబితాలో ఈ ఊరి టవరు లేదు. కట్ట దిగగానే చెట్లు అడ్డం వచ్చి ఫోను తెగిపోయేది. లాగ్ ఫైలులో (కొలతలు వరుసగా నమోదయ్యే ఫైలు) సెల్ నంబరు చూడకపోయి ఉంటే, ఇక్కడ కొత్త టవరు వేయాలని మేము రాసి ఉండేవాళ్లం. దూరపు టవరు యాంటెనాను కొద్దిగా కిందికి వంచి, జాబితాలో పేరు చేర్చడంతో సరిపోయింది.

పద్ధతి ఖర్చులేనిదే. జీనెట్‌ట్రాక్ వంటి యాప్ సెకనుకొకసారి సెల్ నంబరు, ఆర్ఎస్ఆర్‌పీ, జీపీఎస్ స్థానం, వేగం ఫైలులో రాసుకుంటుంది. ఒకే మోడల్ ఫోన్లు రెండు తీసుకుని, ఒక్కోదానిలో ఒక్కో నెట్‌వర్క్ సిమ్ వేసి, ప్రతిసారీ ఒకే చోట బిగించు. ఒకే ఫోనులో రెండు సిమ్‌లు వేస్తే డేటా ఒకదాని మీదనే నడుస్తుంది, రెండోదాని సంగతి తెలియదు. కొన్ని ప్రయాణాల్లో ఫోర్‌జీకే పరిమితం చేసి కొలవాలి; ఫైవ్‌జీ గుర్తు కనిపిస్తున్నా డేటా ఫోర్‌జీ మీద నడిచే సందర్భాలుంటాయి, అంకెలు కలగాపులగమవుతాయి. ఎండలో డ్యాష్‌బోర్డు మీద ఫోను పెట్టవద్దు, వేడెక్కితే అదే వేగం తగ్గించుకుంటుంది, నువ్వేమో టవరును తప్పుపడతావు. చివరిగా, డ్రైవరు ఏ తెరనూ చూడకూడదు. వెనక మరొక మనిషి లేకుండా ఈ పరీక్ష చేయవద్దు.


నెట్‌వర్క్ పాఠాలు చెప్పే టీచరు, వరంగల్

ఇంజనీరు గారు రేడియో వైపు విషయం చెప్పారు. నేను ఈసీజీ వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే పంపవలసింది ఎంతో తెలియకుండా దారి సరిపోతుందో లేదో తేల్చలేము.

పన్నెండు లీడ్ల (గుండెను ఒక్కో కోణం నుంచి చూపే గీతల) ఈసీజీలో స్వతంత్రమైనవి ఎనిమిదే. మిగిలిన నాలుగింటిని వాటి నుంచి లెక్కకట్టవచ్చు. ఒక్కో లీడ్‌ను సెకనుకు 500 సార్లు, ఒక్కోసారికి రెండు బైట్ల చొప్పున నమోదు చేస్తే సెకనుకు 8,000 బైట్లు, అంటే 64 కేబీపీఎస్ అవుతుంది. పది సెకన్ల పట్టీ 80 కిలోబైట్లు. మీరు పస్రాలో చూసిన 9 ఎంబీపీఎస్‌లో ఇది నూరో వంతు కూడా కాదు. మీకు లోటు వచ్చింది వేగంలో కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. మీరు కొలవవలసింది, సన్నని ధార ఒకటి వదిలినప్పుడు అది ఎక్కడ తెగింది, ఎంతసేపు తెగింది అన్నదే.

అందుకు సెకనుకు పది ప్యాకెట్లు (డేటా ముక్కలు), ఒక్కోటి 800 బైట్లు, ప్రతిదాని మీద వరుస సంఖ్య వేసి, జవాబు కోసం ఆగని యూడీపీ పద్ధతిలో పంపే చిన్న ప్రోగ్రాం చాలు. మా విద్యార్థులు ఒక పూటలో రాయగలరు. అవతల సర్వరు, ఏ సంఖ్య ఏ క్షణాన చేరిందో రాసుకుంటుంది. 4,210 తర్వాత 4,251 వస్తే నడుమ 40 ప్యాకెట్లు పోయినట్టు, అంటే నాలుగు సెకన్ల మౌనం. ఇలాంటి మౌనాల పొడవు మాత్రమే కావాలంటే సర్వరు గడియారం ఒక్కటే సరిపోతుంది. ఎంత ఆలస్యంగా చేరిందో కూడా కావాలంటే రెండు వైపులా గడియారాలు కలవాలి, ఫోనులో జీపీఎస్ సమయం వాడండి. నెట్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 ప్రోగ్రాంను కూడా 64 కేబీపీఎస్‌కు తగ్గించి వాడుకోవచ్చు గాని, దాని అదుపు కనెక్షన్ టీసీపీ (చేరినట్టు జవాబు వచ్చేదాకా మళ్లీ పంపే పద్ధతి) మీద నడుస్తుంది కాబట్టి పొడవైన మౌనం వస్తే పరీక్షే ఆగిపోయే అవకాశం ఉంది. ప్రోగ్రాం రాయడం కుదరకపోతే, టెర్మక్స్ అనే యాప్‌లో సెకనుకు ఐదుసార్లు పింగ్ చేసి (సర్వరుకు చిన్న పలకరింపు పంపి జవాబు చూసి) సమయంతో సహా ఫైలులో దాచుకోండి, మొదటి విడతకు అదే ఎక్కువ.

మీ ఆకుపచ్చ గీత అంతసేపు కదలకపోవడానికి రేడియో ఒక్కటే కారణం కాకపోవచ్చు. టీసీపీ ఒక ప్యాకెట్టుకు జవాబు రాకపోతే కొంతసేపు ఆగి మళ్లీ పంపుతుంది, అప్పుడూ రాకపోతే ఆగే సమయాన్ని రెట్టింపు చేస్తుంది. మొదట 0.3 సెకన్లు ఆగిందనుకుందాం. తర్వాతి ప్రయత్నాలు 0.3, 0.9, 2.1, 4.5 సెకన్ల దగ్గర జరుగుతాయి. నెట్ మూడు సెకన్లకే తిరిగి వచ్చినా, టీసీపీ 4.5 సెకన్ల దాకా తలుపు తట్టదు. మౌనం నిమిషాలకు పెరిగితే ఈ ఎడం కూడా పదుల సెకన్లకు పెరుగుతుంది, చివరికి యాప్ విసిగి మొదటి నుంచి మొదలుపెడుతుంది. మీ గీత మొదటికి వెళ్లడం చూస్తే, ఆ యాప్ చేరిన భాగాన్ని గుర్తుపెట్టుకోవడం లేదని తెలుస్తోంది. ఫైలును చిన్న ముక్కలుగా చేసి, ఆగిన ముక్క నుంచే కొనసాగించేలా మార్చమని ఆ యాప్ తయారుచేసిన వారిని తప్పకుండా అడగండి. రౌటరులో రెండు సిమ్‌లు వేసి ఒకదాని నుంచి మరొకదానికి మారేలా పెడితే ఇంకొక చిక్కు ఉంది. ఒకే నెట్‌వర్క్‌లో టవర్లు మారినా ఐపీ చిరునామా మారదు; నెట్‌వర్కే మారితే మాత్రం చిరునామా మారి, నడుస్తున్న టీసీపీ కనెక్షన్లన్నీ తెగిపోతాయి. వైర్‌గార్డ్ వంటి టన్నెల్ (బయట చిరునామా మారినా లోపలి కనెక్షన్లను తెగనివ్వని సాఫ్ట్‌వేర్) లోపల నడిపితే ఆ బాధ తప్పుతుంది.

2004లో యోర్గ్ ఓట్, డిర్క్ కుచర్ అనే పరిశోధకులు జర్మనీలో రహదారి పక్కన వైఫై పరికరం పెట్టి, గంటకు 180 కిలోమీటర్ల దాకా వేగంతో కారులో దాని ముందు నుంచి వెళ్తూ కొలిచారు. సంబంధం మూడు దశల్లో సాగుతుందని వారు చూపారు: సిగ్నల్ అప్పుడే అందుతూ తడబడే ప్రవేశ దశ, నిండుగా పనిచేసే నడిమి దశ, మళ్లీ తడబడే నిష్క్రమణ దశ. వారి ప్రయోగం వైఫై మీద జరిగినా మీ పనికి ఇది నేరుగా పనికివస్తుంది. అడవి అంచున తడబడే సిగ్నల్‌లో పంపడం మొదలుపెడితే సగంలో చిక్కుకుంటుంది. నడిమి దశ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో మీ పటం చూపగలిగితే, నర్సు ఎక్కడ బటన్ నొక్కాలో చెప్పవచ్చు.

ఎన్నిసార్లు అన్న ప్రశ్నకు లెక్క ఉంది. పది ప్రయాణాల్లో ఒకసారి వచ్చే లోపం, మీరు ఐదుసార్లే వెళ్తే ఒక్కసారి కూడా కనబడకుండా తప్పించుకునే అవకాశం నూటికి 59. దాన్ని నూటికి 5 కంటే తగ్గించాలంటే 29 ప్రయాణాలు కావాలి. డీజిల్ ఖర్చు చూసి భయపడకండి, ఆ దారిలో రోజూ తిరిగే బండి ఏదైనా ఉంటే అందులో ఫోన్లు పెట్టి వదిలేయండి.


కాజీపేట సీజన్ పాసు

నేను వారానికి ఆరు రోజులు కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలులో వెళ్లి వస్తాను. మీది రోడ్డు, మాది రైలు మార్గం అయినా, ‘వేగం వల్లనేనా’ అన్న ప్రశ్న నన్ను కూడా చాలాకాలం వెంటాడింది కాబట్టి రాస్తున్నాను.

వేగం వల్ల తరంగాల పౌనఃపున్యం పక్కకు జరగడాన్ని డాప్లర్ ప్రభావం అంటారు. దగ్గరికి వచ్చే రైలు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపించడం దీనివల్లనే. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో 1,800 మెగాహెర్ట్జ్ సిగ్నల్ మహా అయితే 150 హెర్ట్జ్ జరుగుతుంది. ఫోర్‌జీలో పక్కపక్క ఉపవాహకాల (డేటాను మోసే సన్నని తరంగాల) నడుమ 15,000 హెర్ట్జ్ ఎడం ఉంటుంది కాబట్టి ఆ జరుగుడు నూటికి ఒక వంతు. ఫోర్‌జీని రూపొందించినప్పుడే గంటకు 350 కిలోమీటర్ల దాకా పనిచేయాలని, కొన్ని పౌనఃపున్యాల్లో 500 దాకా కూడా నిలవాలని నిర్దేశించారు. మా మార్గంలో 2022 సెప్టెంబరు నుంచి గంటకు 130 కిలోమీటర్ల గరిష్ఠ వేగానికి అనుమతి ఉంది. ఆ వేగంలో కూడా జనగామ, ఆలేరు దగ్గర నా కాల్ చక్కగా నిలుస్తుంది, కొన్ని చోట్ల మాత్రం రైలు సిగ్నల్ కోసం ఆగి ఉన్నా తెగిపోతుంది. అంటే ఆ చోట్ల తప్పు వేగానిది కాదు.

అయితే మీరు రైలులో కొలిచి ఆ అంకెలను అంబులెన్సుకు వాడవద్దు. ఏసీ బోగీ అద్దాల మీద ఉండే లోహపు పూత సిగ్నల్‌ను బాగా మింగేస్తుంది. అదే ఫోను పట్టుకుని తలుపు దగ్గరికి వస్తే ఒకటికి రెండు గీతలు పెరగడం నేను రోజూ చూస్తాను. పైగా వందలాది ఫోన్లు ఒకే క్షణంలో టవరు మారుతాయి, సిగ్నల్ లేని చోటు దాటగానే అన్నీ ఒక్కసారిగా టవరు మీద పడతాయి. మీ బండిలో ఉండేవి రెండు మూడు ఫోన్లు, ఒక రౌటరు.


ములుగు రోడ్డు వర్క్‌షాప్, హన్మకొండ

సార్, మేడమ్, మీ అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే చేసి, ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.

ఆసుపత్రి వారి పాత అంబులెన్సు ఆ దారిలో వారంలో చాలాసార్లు తిరుగుతుంది. వారి అనుమతితో అందులో రోగికి, సిబ్బందికి అడ్డు రాని చోట, మందుల పెట్టె వెనక చిన్న రేకు డబ్బా బిగించబోయాను. రేకు సిగ్నల్‌ను ఆపుతుందని ఆఖరి నిమిషంలో గుర్తొచ్చి, దాని బదులు ప్లాస్టిక్ స్విచ్ బాక్సు పెట్టాను. అందులో రెండు ఫోన్లు, ఇన్వర్టర్ నుంచి చార్జింగ్. ఏప్రిల్ నెలంతా కలిపి 34 ప్రయాణాల లాగ్ వచ్చింది. మేడమ్ గారి విద్యార్థి రాసిచ్చిన ప్రోగ్రాం బాగా పనిచేసింది.

తాడ్వాయికి, పస్రాకు నడుమ అడవిలో ఒక నెట్‌వర్క్ ప్రతి ప్రయాణంలోనూ, దాదాపు ఒకే చోట మొదలై ఒకే చోట ముగిసేలా మూగబోయింది. రెండో నెట్‌వర్క్ కూడా అక్కడ తెగుతుంది గాని, తెగే భాగం చిన్నది. ఇది టవరు అందని చోటు అని నాకు అర్థమైంది. మల్లంపల్లి సంగతి వేరు. అక్కడ ఆగడానికి ముందు సిగ్నల్ మైనస్ 93 ఉంది, తర్వాత సెల్ నంబరు మారింది, నడుమ మూడు నుంచి ఆరు సెకన్ల మౌనం. వింత ఏమిటంటే, వరంగల్ వైపు వచ్చేటప్పుడు మాత్రమే ఇలా జరుగుతోంది. వెళ్లేటప్పుడు ఒక్కసారి కూడా జరగలేదు. నేను మొదట కొలిచింది వెళ్లేటప్పుడే.

యాంటెనా కూడా చూశాను. స్ట్రెచర్ పక్కన పెట్టిన ఫోనుతో పోలిస్తే పైకప్పు మీది యాంటెనాతో రౌటరు చూపే సిగ్నల్ సుమారు 10 డెసిబెల్స్ మెరుగైంది. ముందు డ్రైవరు సీటు కింద రౌటరు పెట్టి ఐదు మీటర్ల సన్నని కేబుల్ లాగితే ఆ లాభంలో చాలా భాగం పోయింది. రౌటరును పైకప్పు లోపలి వైపుకే మార్చి, అర మీటరు కేబుల్‌తో కలిపాక తిరిగి వచ్చింది. ఒక దుకాణం వారు సిగ్నల్ బూస్టర్ పెడితే అడవిలో కూడా వస్తుందని చెబుతున్నారు. పెట్టవచ్చా?


పాత డ్రైవ్ టెస్ట్ ఇంజనీరు, కరీంనగర్

బూస్టర్ పెట్టవద్దు. అనుమతి లేని బూస్టర్లు (రిపీటర్లు) మన దేశంలో చట్టవిరుద్ధం. అవి చుట్టుపక్కల టవర్లకు రొద కలిగించి ఇతరుల కాల్స్ చెడగొడతాయి, అందులో ఇంకొక అంబులెన్సు కాల్ కూడా ఉండవచ్చు. పైగా టవరు సిగ్నల్ అసలే లేని చోట పెంచడానికి ఏమీ ఉండదు. యాంటెనా విషయంలో నువ్వు చేసింది సరైన పని. రెండు యాంటెనాలూ బిగించు, ఒకటి బిగించి రెండో కనెక్టరును ఖాళీగా వదలకు. 1,800 మెగాహెర్ట్జ్ సిగ్నల్ బండి కదులుతుండగా ఎనిమిది సెంటీమీటర్లకొకసారి, అంటే అరచేతి వెడల్పంత దూరానికొకసారి లేచిపడుతూ ఉంటుంది. ఒక యాంటెనా పల్లంలో ఉన్న క్షణాన రెండోది మిట్ట మీద ఉండేలా వాటి మధ్య కాస్త ఎడం ఉంచు.

మల్లంపల్లిలో ఒక దిక్కున మాత్రమే తెగడం నాకు చాలాసార్లు ఎదురైంది. అటు టవరు జాబితాలో ఇటు టవరు పేరు ఉండి, ఇటు దాని జాబితాలో అటుది లేకపోతే సరిగ్గా ఇలాగే జరుగుతుంది. ఆ నెట్‌వర్క్ ఫిర్యాదు విభాగానికి రాసేటప్పుడు ‘మల్లంపల్లిలో నెట్ రావడం లేదు’ అని రాయవద్దు. ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర, ఏ దిక్కున వెళ్తుండగా, ఏ సెల్ నుంచి ఏ సెల్‌కు మారుతూ, 34 ప్రయాణాల్లో ఎన్నిసార్లు, ఎంతసేపు తెగిందో లాగ్‌తో సహా రాయి. అలాంటి ఫిర్యాదును ఇంజనీరు చేతికి పంపక తప్పదు, చూసిన ఇంజనీరుకు ఎక్కడ వెతకాలో వెంటనే తెలుస్తుంది. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారు కూడా నగరాలతో పాటు రహదారులు, రైలు మార్గాల మీద డ్రైవ్ టెస్టులు చేయించి నివేదికలను బయట పెడతారు. వాటి అమరిక ఒకసారి చూస్తే నీ కాగితాన్ని ఎలా రాయాలో తెలుస్తుంది.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యం. నువ్వు కొలిచింది ఏప్రిల్‌లో. ఆ అడవిలో టేకు చెట్లు అప్పటికి ఆకు రాల్చి మోడులుగా ఉంటాయి. ఆగస్టులో పళ్లెమంత ఆకులు నిండుగా పరుచుకుని, పైగా వానకు తడిసి ఉంటాయి. తడి ఆకు సిగ్నల్‌ను ఇంకా ఎక్కువగా మింగుతుంది, మూగబోయే భాగం రెండు వైపులా పొడవవుతుంది. కాబట్టి ఏప్రిల్ పటాన్ని ఏడాది పొడవునా వాడుకోమని రాసివ్వకు. అలాగే రెండేళ్లకొకసారి మేడారం జాతర జరిగే రోజుల్లో ఆ దారి వెంట తాత్కాలిక టవర్లు నిలబెడతారు, లక్షలాది జనం వస్తారు. ఆ రోజుల లాగ్‌ను మిగతా వాటితో కలపకుండా వేరే ఉంచు.


ములుగు రోడ్డు వర్క్‌షాప్, హన్మకొండ

బూస్టర్ ఆలోచన మానుకున్నాము. మల్లంపల్లి ఫిర్యాదును మీరు చెప్పిన వివరాలన్నిటితో పంపాను.

ఆసుపత్రి వారికి పాత కాగితం వెనక్కి తీసుకుని కొత్తది ఇచ్చాను. అందులో ఎంబీపీఎస్ అంకె ఒక్కటి కూడా లేదు. దారిని కిలోమీటరు రాళ్ల ప్రకారం ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో 34 ప్రయాణాల్లో ఎన్నిసార్లు తెగింది, అన్నిటికంటే పొడవైన మౌనం ఎన్ని సెకన్లు అన్నది రాశాను. అడవి ముక్కలకు ఎర్ర రంగు వేసి ‘ఇక్కడ నెట్ ఉండదు’ అని రాశాను. దానిని చూసి డాక్టరు గారు తమ పద్ధతే మార్చారు. ఇకమీదట ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే రోగికి, తాడ్వాయి ఊరు దాటకముందే బండిని రెండు నిమిషాలు పక్కకు ఆపి ఈసీజీ తీసి, చేరినట్టు వరంగల్ నుంచి జవాబు వచ్చాకే అడవిలోకి కదలాలని నర్సులకు చెప్పారు. రెండో ఈసీజీ గోవిందరావుపేట దాటాక తీస్తారు. యాప్ వారు ముక్కలుగా పంపే మార్పు చేస్తామన్నారు, ఇంకా చేయలేదు.

ప్లాస్టిక్ బాక్సు, రెండు ఫోన్లు పాత బండిలోనే ఉంచాను. టేకు ఆకు నిండాక ఆగస్టు లాగ్‌తో మళ్లీ పటం గీసి, కాగితం మార్చి ఇస్తానని వారికి రాసి సంతకం చేశాను.